1970ల ఇటాలియన్ పోలీసు చిత్రాలు అంత క్రూరంగా ఉండి కూడా మనల్ని ఎందుకు వదలవు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఎవరో చెబితే 1970ల నాటి ఇటాలియన్ పోలీసు చిత్రం ఒకటి చూశారు. తుపాకులు, చెంపదెబ్బలు, రక్తం, పెదవులకు అతకని మాటలు. మధ్యలో ఆపేద్దామనుకున్నారు, ఆపలేకపోయారు. మరునాడు అలాంటిదే ఇంకొకటి వెతుక్కున్నారు. ‘నన్ను పట్టుకున్నది హింసేనా? అదే అయితే నా అభిరుచి గురించి కంగారు పడాలా? ఇంకేదైనా అయితే అదేమిటి? తర్వాత ఏవి చూడాలి?’ అని అడిగారు.

ముందు సూటి జవాబు. కంగారు పడనక్కర్లేదు. మిమ్మల్ని కూర్చోబెట్టింది ఆ హింస వల్ల ఏదీ చక్కబడకపోవడం. ఆ చిత్రాల్లో కమిషనర్ (అక్కడ ఆ మాటకు అర్థం దర్యాప్తు చేసే పోలీసు అధికారి, మన నగర కమిషనర్ కాదు) కొడతాడు, కాలుస్తాడు, పై అధికారుల మీద అరుస్తాడు, ఉద్యోగం వదిలేస్తాడు, చివరికి చట్టాన్ని కూడా దాటేస్తాడు. ఇంత చేసినా ఆఖరి సన్నివేశంలో నగరం మొదట ఎలా ఉందో అలాగే ఉంటుంది. చాలాసార్లు కమిషనరే చచ్చిపోతాడు. మన ఖాకీ చిత్రాల్లో క్లైమాక్స్‌లో దుర్మార్గుడు చస్తే మనసు తేలికపడి ఇంటికి వెళ్తాం. అక్కడ ఆ తేలిక దొరకదు. తీసినవాళ్లకూ చూసినవాళ్లకూ అప్పట్లో బయట వీధిలో కూడా అది దొరకలేదు. ఆ భయం నిజమైనది కనుకనే యాభై ఏళ్ల తర్వాత, ఆ దేశం ఎరగని మనకు కూడా తగులుతుంది.

సినిమా ఎడిటింగ్ నా వృత్తి. మా ఫిల్మ్ సొసైటీలో ఈ చిత్రాలను చాలా ఏళ్లుగా ప్రదర్శిస్తున్నాం, కుర్రవాళ్లకు ఎడిటింగ్ చెప్పేటప్పుడు వీటిలోంచి ముక్కలు తీసి చూపిస్తాను. అందువల్ల నా జవాబు సగం చరిత్ర నుంచి, సగం ఎడిటింగ్ టేబుల్ నుంచి వస్తుంది.

మొదట ఒక తేడా చెప్పాలి. ఆ కాలంలో ఇటలీ నుంచి వచ్చిన క్రూరమైన క్రైమ్ చిత్రాలు ప్రధానంగా రెండు రకాలు. నల్ల తొడుగుల చేతులతో ఎవరో కనిపించని హంతకుడు వరసగా హత్యలు చేసేవి ‘జాల్లో’ చిత్రాలు. మారియో బావా, దారియో అర్జెంతో వంటివాళ్లు వాటికి పేరు తెచ్చారు. వాటిలో హత్య ఒక అలంకారం. రంగులు, నీడలు, పట్టు తెరలు. మీరు చూసినది రెండో రకం, ‘పోలిత్సియొత్తెస్కి’ అని పిలిచే పోలీసు, బందిపోటు చిత్రాలు. వీటిలో అలంకారం లేదు. బ్యాంకు, ట్రాఫిక్ సిగ్నల్, పాల దుకాణం, పగటి వెలుగు. నేను వీటి గురించే మాట్లాడతాను.

ఆ వీధుల్లో అప్పుడు ఏం జరుగుతోంది? ఇది తెలియకపోతే ఈ చిత్రాలు సగమే కనిపిస్తాయి.

1969 డిసెంబరు 12న మిలాన్‌లోని పియాత్సా ఫొంతానాలో వ్యవసాయ బ్యాంకు లోపల బాంబు పేలింది. 17 మంది చనిపోయారు. పోలీసులు వెంటనే అరాచకవాదులను, అంటే ప్రభుత్వమే ఉండకూడదనే అనార్కిస్టులను, పట్టుకున్నారు. వాళ్లలో పినెల్లి అనే రైల్వే ఉద్యోగి మూడు రోజుల తర్వాత విచారణలో ఉండగా పోలీసు ప్రధాన కార్యాలయం కిటికీలోంచి కింద పడి చనిపోయాడు. ఆ విచారణతో సంబంధమున్న కమిషనర్ లూయిజీ కలాబ్రేజీని, ఘటన జరిగినప్పుడు ఆయన ఆ గదిలో లేడని న్యాయ విచారణ తర్వాత తేల్చినా, వామపక్ష పత్రికలు హంతకుడన్నాయి. 1972 మే 17న ఆయనను ఇంటి ముందే కాల్చి చంపారు. బాంబు పెట్టింది నయా ఫాసిస్టు ముఠా అని తేలడానికి దశాబ్దాలు పట్టింది. 2005లో అత్యున్నత న్యాయస్థానం ఇద్దరి బాధ్యతను గుర్తించింది, అయితే అప్పటికే వాళ్లు అదే కేసులో తుదిగా నిర్దోషులుగా బయటపడ్డారు కనుక శిక్షించడానికి వీల్లేదంది. ఈ వాక్యం ఇంకోసారి చదవండి. ఈ చిత్రాల ముగింపులు అంత చేదుగా ఎందుకుంటాయో అక్కడే అర్థమవుతుంది.

ఇది ఒక్కటే కాదు. 1970 డిసెంబరులో ఒక మాజీ నౌకాదళ అధికారి నాయకత్వంలో ప్రభుత్వాన్ని కూలదోసే ప్రయత్నం జరిగి, అర్ధరాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. 1974లో బ్రెషా నగరంలో సభ మధ్య బాంబు, అదే ఏడాది ఆగస్టులో రైల్లో బాంబు. మరోవైపు ‘ఎర్ర దళాలు’ అనే వామపక్ష సాయుధ ముఠా. ఇంకోవైపు డబ్బు కోసం కిడ్నాపులు. 1973లో రోమ్‌లో అమెరికన్ చమురు కుబేరుడు గెట్టీ మనవడిని ఎత్తుకుపోయి, చెవి కోసి పంపించారు. అది ప్రపంచమంతా వార్త అయింది గానీ అలాంటి కిడ్నాపులు ఆ దశాబ్దంలో ఇటలీలో వందల్లో జరిగాయి. మిలాన్‌లో బ్యాంకు దోపిడీలు రోజువారీ వార్త. పత్రిక తెరిస్తే ఇదే, సాయంత్రం సినిమా హాలుకు వెళ్తే ఇదే.

పోలీసులకు కాల్పుల విషయంలో, నిర్బంధం విషయంలో మరింత అధికారం ఇస్తూ 1975లో ‘రేయాలే చట్టం’ వచ్చింది. మేధావులు గగ్గోలు పెట్టారు. 1978 జూన్‌లో ఆ చట్టాన్ని రద్దు చేయాలా అని ప్రజాభిప్రాయం అడిగితే, ఓటేసినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది అది ఉండాలన్నారు. ఈ చిత్రాలకు టికెట్టు కొన్నది ఆ జనమే. వాళ్ల భయాన్ని ‘ఫాసిజం’ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే అది వాళ్లకు అన్యాయం. ఆ భయాన్ని సొమ్ము చేసుకున్నవాళ్లు లేరనడం కూడా అబద్ధమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ ధోరణికి తొలి అడుగుల్లో ఒకటి కార్లో లిత్సాని 1968లో తీసిన ‘బందీతి ఎ మిలానో’. 1967 సెప్టెంబరులో కవల్లేరో ముఠా మిలాన్‌లో బ్యాంకు దోచి, వీధుల వెంట కాల్పులు జరుపుతూ పారిపోయింది. దారిన పోయేవాళ్లు చచ్చిపోయారు. ఆ సంఘటన జరిగిన ఆరు నెలలకే చిత్రం హాళ్లలో ఉంది. దర్శకుడు దాన్ని వార్తాచిత్రం పద్ధతిలో, పోలీసు అధికారి కెమెరా వైపు తిరిగి మాట్లాడుతుండగా మొదలుపెట్టాడు. 1970లో ఎలియో పేత్రి ‘ఇందాజినే’ అన్న పొట్టి పేరుతో చలామణి అయ్యే చిత్రం తీశాడు: ఒక పోలీసు ఉన్నతాధికారి హత్య చేసి, తనకు వ్యతిరేకంగా ఆధారాలు తానే వదిలి, తనను పట్టుకునే ధైర్యం ఎవరికుందో చూస్తాడు. దానికి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ రెండు చిత్రాల్లోనూ జాన్ మరియా వొలొంతే నటన చూడాలి. నటులకు పాఠం చెప్పేవాళ్లెవరైనా ఆయన దగ్గర ఆగవలసిందే.

అసలు తలుపు తెరిచింది మాత్రం 1972 ఫిబ్రవరిలో వచ్చిన ‘లా పొలిత్సియా రింగ్రాత్సియా’. పేరుకు అర్థం ‘పోలీసులు కృతజ్ఞతలు తెలుపుతున్నారు’. తీసింది హాస్య చిత్రాలకు పేరుపడ్డ స్తేనో. దీనికి మాత్రం తన అసలు పేరు స్తెఫానో వంత్సీనా అని వేసుకున్నాడు. నేరస్థులను పట్టుకుంటే కోర్టులు వదిలేస్తున్నాయని కుమిలిపోయే కమిషనర్ ఇందులో కథానాయకుడు. ఈలోగా ఎవరో రహస్యంగా నేరస్థులను ఎత్తుకుపోయి చంపేస్తుంటారు. మామూలు చిత్రమైతే ఇక్కడ చప్పట్లు కొట్టించుకుంటుంది. ఇది అలా చేయదు. ఆ చంపేవాళ్లు మాజీ పోలీసులని, వాళ్ల వెనక ఉన్న పెద్దలకు కావలసింది న్యాయం కాదు, రాజ్యమని కమిషనర్‌కు తెలుస్తుంది. తెలిసిన మనిషి బతకడు. ఈ చిత్రం విడుదలైన మూడు నెలలకే మిలాన్‌లో నిజమైన కమిషనర్‌ను ఇంటి ముందు చంపారు. చూసిన ప్రేక్షకుల మనసులో తెరకూ వీధికీ మధ్య గోడ ఎంత పలచబడి ఉంటుందో ఊహించండి.

మా సొసైటీలో ఇది ప్రదర్శించినప్పుడు ఒక రిటైర్డ్ పోలీసు అధికారి వచ్చారు. చిత్రం అయ్యాక చర్చలో ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివర్లో, ‘ఆ కమిషనర్ ప్రాసిక్యూటర్ గదిలో నిలబడి ఫైలు చూపించే తీరు నటన కాదు, అలాగే నిలబడతాం’ అన్నారు. తుపాకుల గురించి ఒక్క మాట అనలేదు.

ఇక ఎడిటింగ్ టేబుల్ నుంచి. ఈ చిత్రాలు తక్కువ డబ్బుతో, కొన్ని వారాల్లో తీసినవి. సెట్టు వేయడానికి డబ్బు లేదు కాబట్టి వీధిలో తీశారు. వీధిని మూయించడానికి డబ్బు లేదు కాబట్టి, చాలాసార్లు, వీధి నడుస్తుండగానే తీశారు. రుజ్జేరో దేవోదాతో 1976లో తీసిన పోలీసు చిత్రం ఒకటి రోమ్ నడిబొడ్డున మోటారు సైకిళ్ల వెంటాటతో మొదలవుతుంది. అది అనుమతులు లేకుండా తీసినదేనని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ ముక్కను తరగతిలో చూపించేటప్పుడు నేను బండ్లను చూడవద్దంటాను, పేవ్‌మెంటు మీద జనాన్ని చూడమంటాను. వెనక్కి గెంతేవాళ్లలో కొందరి ముఖాల మీద ఉన్నది అభినయం కాదు. అది గుర్తించిన క్షణం నుంచి ప్రేక్షకుడి శరీరం వేరుగా కూర్చుంటుంది.

ఎంత్సో కాస్తెల్లారి 1973లో జెనోవాలో తీసిన పోలీసు చిత్రం (ఫ్రాంకో నీరో కథానాయకుడు) మొదట్లోనే చాలాసేపు సాగే కారు వెంటాట ఉంది. అంతకు ముందు వచ్చిన అమెరికన్ పోలీసు చిత్రాలను చూసి నేర్చుకున్నదే, అందులో దాపరికం లేదు. జెనోవా మాత్రం కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. వీధులు ఇరుకు, మలుపులు హఠాత్తు. ఎడిటర్‌కు ఇది వరం. మలుపు తిరిగాక ఏముందో డ్రైవరుకూ తెలియదు, మనకూ తెలియదు. కాబట్టి కోత ఎక్కడ పెట్టినా అది కృత్రిమం అనిపించదు. ఇప్పటి చిత్రాల్లో వెంటాటలు కత్తిరించేటప్పుడు ఒక్కో షాటు సెకను కూడా ఉండదు, ఏ కారు ఏ దిక్కుకు పోతోందో తెలియకుండా వేగం అనే భ్రమ కల్పిస్తాం. కాస్తెల్లారి షాటు అవసరమైనంత సేపు నిలుస్తుంది. కారు దూరం నుంచి వస్తుంది, దగ్గరవుతుంది, ఫ్రేము దాటుతుంది. బరువైన ఇనుము కదులుతోందని తెలుస్తుంది.

కాస్తెల్లారిదే 1976 నాటి ‘ఇల్ గ్రాందే రాకెట్’లో ఒక షాటు ఉంది. కథానాయకుడు ఫాబియో తెస్తి కారులో ఉండగా దుండగులు ఆ కారును వాలు మీద నుంచి దొర్లిస్తారు. కెమెరా కారు లోపలే ఉంటుంది. మనిషి తలకిందులవుతుంటాడు, గాజు ముక్కలు స్లో మోషన్‌లో ముఖం చుట్టూ తేలతాయి. అందంగా ఉండవలసిన షాటు, చూస్తుంటే మాత్రం కడుపులో దేవుతుంది. ఫెర్నాందో ది లేయో తీసిన ‘లా మాలా ఓర్దినా’ (1972)లో ఇంకో విధం. మారియో అదోర్ఫ్ పోషించిన చిల్లర తార్పుడుగాడు, తన భార్యనూ కూతురినీ చంపినవాడి వ్యాను పట్టుకుని వేలాడుతూ, ముందు అద్దాన్ని నుదుటితో కొట్టి పగలగొడతాడు. మన చిత్రాల్లో కథానాయకుడు అద్దం పగలగొడితే బలం కనిపిస్తుంది. అక్కడ కనిపించేది ఇంకేమీ మిగలని మనిషి.

మాటలు పెదవులకు అతకవని రాశారు. దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి కాస్త ఆగుతాను. ఆ రోజుల్లో ఇటలీలో సాధారణంగా చిత్రీకరణ సమయంలో శబ్దం రికార్డు చేసేవాళ్లు కాదు. నటుల్లో ఒకడు ఇటాలియన్, ఒకడు అమెరికన్, ఒకడు ఫ్రెంచి. ఎవరి భాషలో వాళ్లు చెప్పేవాళ్లు, తర్వాత స్టూడియోలో గొంతులు అతికించేవాళ్లు. అంటే మీరు చూసింది ఇంగ్లీషు డబ్బింగు అయినా, ఇటాలియన్ వెర్షన్ అయినా, రెండూ డబ్బింగే. అసలు శబ్దం అనేది లేదు. కథానాయికకు వేరొకరు గొంతు ఇవ్వడం అలవాటైన తెలుగు ప్రేక్షకులు దీనికి ఇంత ఇబ్బంది పడనవసరం లేదు. పైగా ఆ గొంతులు సామాన్యమైనవి కావు. తోమాస్ మిలియాన్‌కు చాలా చిత్రాల్లో గొంతు ఇచ్చిన ఫెరూచ్చో అమెందోలానే ఇటలీలో డి నీరోకు, పాచినోకు, స్టాలోన్‌కు గొంతు. వీలైతే ఇటాలియన్ గొంతుతో, సబ్‌టైటిళ్లతో చూడండి. మనిషి మారిపోయినట్టు ఉంటుంది.

సంగీతం గురించి పొడిగా చెప్పలేను. ‘మిలానో కాలిబ్రో 9’ (ఇదీ ది లేయోదే, 1972) మొదటి నిమిషాల్లో మాట్లాడేవాళ్లు దాదాపు లేరు. ఒక పొట్లం మిలాన్ వీధుల్లో ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ పోతుంది. ఆ చేతులను నడిపించేది లూయిస్ బకలోవ్ సంగీతం, దానికి నేపుల్స్ రాక్ బృందం ఒసాన్నా వాయిద్యం. వయొలిన్ల కింద గిటారు గుర్రుమంటుంది. బకలోవ్ తర్వాతి కాలంలో ‘ఇల్ పోస్తీనో’కు ఆస్కార్ అందుకున్నాడు. మొర్రికోనే, ఫ్రాంకో మికలిజ్జి, స్తెల్వియో చిప్రియాని, దే ఆంజెలిస్ సోదరులు... చిన్న చిత్రాలని వీళ్లెవరూ చేయి బిగపట్టి పనిచేయలేదు. చాలామంది ఈ లోకంలోకి సంగీతం ద్వారానే వచ్చారు, మీరూ ఆ దారిన వెనక్కి వెళ్లవచ్చు.

ఇద్దరు నటుల మధ్య ఈ చిత్రాల ప్రాణమంతా ఉంది. ఒకరు మౌరీత్సియో మెర్లి: పసుపు జుట్టు, మీసం, ఎప్పుడూ ఉడుకుతుండే కమిషనర్. ఫ్రాంకో నీరో పోలికలున్నాయనే ఆయన్ను తీసుకున్నారు. మెర్లి నటనలో లోతులు వెతకవద్దు. ఆయనది ఒకే స్వరం, ఆక్రోశం. ఆ ఒక్కటీ పూర్తిగా నమ్మి చేస్తాడు. రెండోది తోమాస్ మిలియాన్: క్యూబాలో పుట్టి, న్యూయార్క్ యాక్టర్స్ స్టూడియోలో నేర్చుకుని, ఇటలీలో నేరస్థుల పాత్రలకు రాజైనవాడు. ఉంబెర్తో లెన్జి 1976లో తీసిన ‘రోమా ఎ మానో అర్మాతా’లో ఇద్దరూ ఉన్నారు. మిలియాన్ గూని నేరస్థుడు. మెర్లి అతని చేత ఒక తూటా మింగిస్తాడు. గూనివాడు ఆ తూటాను దాచుకుని, ఎప్పటికైనా దానితోనే కమిషనర్‌ను కాలుస్తానంటాడు. ఈ ఒక్క ఘట్టంలో ఆ చిత్రాల నీతి అంతా ఉంది: పోలీసు చేసిన క్రూరత్వం ఎక్కడికీ పోదు, జేబులో కూర్చుని ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైనది లెన్జిదే 1974 నాటి ‘మిలానో ఓదియా’. మిలియాన్ ఇందులో జూలియో సక్కి, పిరికివాడు, వాగుడుకాయ, తోటి దొంగల చేతనే తన్నులు తిన్నవాడు. ధనవంతుడి కూతురిని కిడ్నాప్ చేసి కోట్లు సంపాదించాలనుకుంటాడు. భయం వేసిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని చంపుతాడు. తెర మీద నేను చూసిన నేరస్థుల్లో ఇంత నీచమైనవాడు, ఇంత నమ్మశక్యమైనవాడు ఇంకొకడు లేడు. అతన్ని వెంటాడే కమిషనర్‌గా, ఎక్కువగా దుర్మార్గుల పాత్రలు వేసే హెన్రీ సిల్వాను పెట్టడం లెన్జి తెలివి. రాతి ముఖం, ఓదార్పు లేదు. చివరికి ఏమవుతుందో చెప్పను. ఆ ముగింపు చూసి మా ప్రేక్షకుల్లో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు లేచి వెళ్లిపోయారు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక అమ్మాయి తర్వాత నా దగ్గరికి వచ్చి, తన చేతులు ఎందుకు లేచాయో తనకే అర్థం కాలేదని చెప్పింది. ఆ మాట విలువైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చిత్రం మనలోంచి ఏదో బయటికి లాగి, దాన్ని మన ముందు పెట్టి, పక్కకు తప్పుకుంటుంది.

ఇక హెచ్చరికలు. ఇవి చెప్పకుండా సిఫారసు చేయడం తప్పు.

ఆడవాళ్ల పట్ల ఈ చిత్రాలు చేసినదానికి సమర్థన లేదు. అత్యాచార సన్నివేశాలు కథకు అవసరమైన దానికంటే ఎక్కువసేపు, కొన్నిసార్లు కథకు అవసరమే లేకుండా వస్తాయి. స్త్రీ పాత్రలు ఎక్కువగా కమిషనర్ కోపానికి కారణం కావడం కోసమే చచ్చిపోతాయి. కాలం అలాంటిదని సర్దిచెప్పుకోవడం నాకు నచ్చదు, అదే కాలంలో అదే దేశంలో దీన్ని తప్పుపట్టిన ఆడవాళ్లు ఉద్యమాలు చేస్తున్నారు. నేను గౌరవంగా పేరెత్తిన ‘ఇల్ గ్రాందే రాకెట్’, ‘మిలానో ఓదియా’ రెండింటిలోనూ ఇది ఉంది. ఇలాంటివి చూడలేనివాళ్లు ఆ రెండూ వదిలేయడమే మంచిది.

రాజకీయం ఇంకో చిక్కు. ఆనాటి వామపక్ష విమర్శకులు వీటిని ఫాసిస్టు చిత్రాలన్నారు. కొన్ని నిజంగా అలాంటివే: న్యాయమూర్తి చవట, లాయరు అమ్ముడుపోయినవాడు, తుపాకీ ఒక్కటే నిజం. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. లెన్జి తనను తాను అరాచకవాదినని చెప్పుకునేవాడు. ‘మిలానో కాలిబ్రో 9’లో కథను పక్కన పెట్టి ఇద్దరు పోలీసు అధికారులు వాదించుకుంటారు: ఒకడికి నేరస్థుడంటే నేరస్థుడే, రెండోవాడు పేదరికం గురించీ, డబ్బు బయటికి తరలించే పెద్దల గురించీ అడుగుతాడు. కథా గమనానికి అది అడ్డమేనని ఎడిటర్‌గా నాకు తెలుసు, అయినా నేనైతే అక్కడ కత్తెర పెట్టను. సెర్జియో మార్తీనో 1975లో తీసిన ‘లా పొలిత్సియా అక్కూజా’ అయితే నేరుగా రహస్య గూఢచారి సంస్థ మీద, సైనిక కుట్ర మీద వేలు పెట్టింది. దానికి ఆరు నెలల ముందే దేశ సైనిక గూఢచారి సంస్థ అధిపతిగా పనిచేసిన జనరల్ మిచేలి అలాంటి కుట్ర కేసులోనే అరెస్టయ్యాడు. పాత సంఘటనల మీద ధైర్యంగా తీయడం చాలామంది చేస్తారు. జరుగుతుండగా తీయడం వేరు.

మూడో మాట: వీటిలో చెత్త చాలా ఉంది. ఒక చిత్రం ఆడితే అలాంటివి వరసగా తీశారు, అదే వెంటాటను ఇంకో చిత్రంలో అతికించినవాళ్లూ ఉన్నారు. పేరులో ‘పొలిత్సియా’ అన్న మాట, ఒక నగరం పేరు, ‘వియొలెంతా’ అన్న విశేషణం ఉంటే పోస్టరు సిద్ధం. అమెరికన్ దర్శకుడు టారంటీనో మెచ్చుకున్నాడనో, 2004 వెనిస్ ఉత్సవంలో ఇలాంటి మరుగునపడ్డ చిత్రాలకు ప్రత్యేక ప్రదర్శన జరిగిందనో ప్రతిదాన్నీ కళాఖండం అనుకోవద్దు.

ఎందుకు ఆగిపోయాయి అంటే ముఖ్యంగా డబ్బు. 1955లో ఇటలీలో 80 కోట్లకు పైగా టికెట్లు తెగేవి. 1975లో కూడా ఇంకా 50 కోట్లు దాటాయి. 1976లో రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రైవేటు టీవీలకు దారి తెరిచింది. 1980కల్లా టికెట్లు 25 కోట్ల లోపుకు పడిపోయాయి. ఈ చిత్రాలను పోషించినవి, పెద్ద హాళ్లలో ఆడాక రెండో విడతలో, మూడో విడతలో చిత్రాలు వేసే పేటల హాళ్లు. అవి మూతపడ్డాయి. ఇంకో కారణం నేను అనుకునేది: 1978 మార్చి 16న మాజీ ప్రధాని అల్దో మోరోను ఎర్ర దళాలు ఎత్తుకుపోయి, 55 రోజుల తర్వాత శవాన్ని రోమ్ నడిబొడ్డున కారు డిక్కీలో వదిలి వెళ్లాయి. దాని తర్వాత తెర మీద కిడ్నాపు చూసే ఓపిక జనానికి పోయి ఉంటుంది. మిలియాన్ కూడా అప్పటికే హాస్య పోలీసు పాత్రల వైపు మళ్లాడు, వాటిని 1984 వరకు నడిపించాడు.

ఇక ఏవి చూడాలి. మొదట ‘మిలానో కాలిబ్రో 9’. జైలు నుంచి వచ్చిన మనిషిని, డబ్బు నువ్వే కాజేశావని పాత ముఠా వెంటాడుతుంది. అతను కాదంటాడు, మనం నమ్మాలా వద్దా అన్నదే కథ. గస్తోనె మొస్కిన్ ముఖంలో ఒక్క కండ కదలదు. మీకు ఇది నచ్చకపోతే ఈ దారి మీది కాదు, నిశ్చింతగా వదిలేయండి. నచ్చితే రెండోది ‘లా పొలిత్సియా రింగ్రాత్సియా’, వెంటనే ‘ఇందాజినే’. ఈ మూడు చూశాక మెర్లి, మిలియాన్‌ల ‘రోమా ఎ మానో అర్మాతా’ చూస్తే దాని మోటుతనం అడ్డురాదు. ‘లా పొలిత్సియా అక్కూజా’ను చరిత్ర తెలిశాక చూస్తేనే రుచి. ‘మిలానో ఓదియా’ను చివరికి ఉంచుకోండి, ఒంటరిగా ఉన్న రాత్రి పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు, వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇవి విదేశాల్లో రకరకాల పేర్లతో, రకరకాల కోతలతో విడుదలయ్యాయి. ఒకే చిత్రానికి మూడు నాలుగు ఇంగ్లీషు పేర్లు ఉంటాయి, కొన్నిట్లో పది నిమిషాలు ఎగిరిపోయి ఉంటాయి. ఇటాలియన్ పేరు, దర్శకుడి పేరు, సంవత్సరం మూడూ సరిచూసుకోండి. నెగెటివ్ నుంచి పునరుద్ధరించిన ప్రతి దొరికితే అదే చూడండి; మీరు చూసింది వీడియో టేపు నుంచి ఎక్కించిన మసక ప్రతి అయితే, పేవ్‌మెంటు మీద ఆ జనం ముఖాలు మీకు కనిపించి ఉండవు. మీరు చూసిన చిత్రం పేరు, దర్శకుడి పేరు కింద రాస్తే దానికి దగ్గరగా ఉండేవి ఇంకో రెండు చెబుతాను.